మోపు తూకం

నెరబైలు దాటి బస్సు నిలిచిపోయినాక
ఇంక రెండు గంటలు కాళ్ళే.
సంకలో బరువు తూచే మిషను,
సంచిలో రక్తం చూసే పట్టీలు.
గుండ్లకోనలో ఉండేది పద్దెనిమిది కొంపలు.

మిషను పెట్టేదానికి చదునైన చోటే లేదు.
రాయి సర్ది, గోనెపట్ట మడిచేసి,
సున్నా వచ్చేసరికి పొద్దు నెత్తికెక్కింది.

పసిబిడ్డల్ని ఎత్తుకొచ్చినారు అందురూ.
"బిడ్డల్ని కాదు, ఈతూరి మిమ్మల్నే" అంటే
ఒకరి మొగం ఒకరు చూసుకొని నవ్వినారు.
పెద్దోళ్ళను తూచేదేంది,
సంతకు తోలతారా ఏమి?

మునికన్నెమ్మ అప్పుడే అడివి దిగింది.
నెత్తిన కట్టెలమోపుతోనే ఎక్కేసింది.
డెబ్బై ఐదు.
మోపు దించి మళ్ళా ఎక్కమన్నాను.
ముప్పై ఆరు.
నేనింకా తీసివేత చేస్తానే ఉండాను,
"కట్టె నాకంటే బలిసిండాదే" అనేసింది.

కాగితంలో ఒక ప్రశ్న:
నిన్న పొద్దున్నించి ఏమేం తిన్నారు?
"కూడు."
కూడంటే?
"కూడే. కోటా బియ్యం."
దాంట్లోకి?
"మిరక్కాయ. చింతపండు నీళ్ళు."
సంగటి?
ఆమె వేళ్ళు ఆమెకు తెలవకుండానే
గాలిలో ముద్ద చుట్టినాయి.
"రాగులు చల్లితే పందులు మేసినాయి.
మళ్ళా చల్లలేదు."
అడివి గడ్డలు?
"గెడ్డపార భుజానేసుకొని పోతే
ఎర్రచందనం దొంగలంటారు గదమ్మా."

బియ్యం కడిగేతప్పుడు తేలే గింజల్ని
ఏరి కోళ్ళకు ఏస్తా ఉండారు.
ప్లాస్టిక్కు బియ్యమంట, పేగులకు అంటుకుంటాయంట.
ఆ గింజల్లోనే ఇనుము కలిపి పంపతారని చెప్పినాను.
మొగిలప్ప తన పుంజు వైపు తిరిగి
"అందుకేనా ఇది కుక్కను తరమతా ఉండేది" అన్నాడు.
నవ్వు ఆగినాక అడిగినాను, గుడ్లు ఎవరు తింటారని.
గుడ్లు సంతకు.

మునికన్నెమ్మ కింది రెప్ప లాగి చూసినాను.
బియ్యం కడిగిన నీళ్ళ రంగు.
వేలు గుచ్చితే చుక్క రావడానికే తడువయింది.
ఏడు.
"ఏడు శానా మంచి లెక్క గదా" అనింది,
"సామి కొండలు కూడా ఏడే."
పన్నెండు ఉండాలనే మాట
నా నోట్లోనే ఉండిపోయింది.

మాత్రలిచ్చి చెప్పినాను, అన్నం తిన్నాక ఏసుకోమని.
"అందురూ తిన్నాకనా,
నేను తిన్నాకనా?"
మొగోళ్ళు, బిడ్డలు, మామ, కుక్క,
ఆ తరవాత కుండ గోకితే వచ్చే మాడు.
దేన్ని పూట అనాలో నాకూ తెలవలేదు.

దిగే ముందర నన్ను కూర్చోబెట్టి
సంగటి ముద్ద పెట్టింది, చెంచలాకు ఎనుపుతో.
పిండి యాడిదని అడిగితే, దుత్త చూపించింది.
జాతరకు గంగమ్మకు అంబలి పోసేదానికని
ఎత్తిపెట్టిన పిడికెడు.
"గంగమ్మ ఏమీ అనుకోదులే,
నువ్వు కొండెక్కొచ్చిండావు."

వద్దనలేకపోయినాను. ఆకలిగా కూడా ఉండింది.

భాకరాపేట ఆస్పత్రిలో కాగితాలు ఇచ్చేటప్పుడు
మునికన్నెమ్మ పేరు పక్కన
రాగుల గడిలో సున్నా ఉండింది.
నేను రాసిందే.
ఆ సంగటి నా కడుపులో
ఇంకా అరగలేదు.