ముప్పై ఆరు

అధ్యక్షుడి ఉత్తరాలన్నీ నేనే టైపు చేసేదాన్ని,
రాయబారులకీ, బిషప్పుకీ,
ఆవు తప్పిపోయిందని రాసిన ముసలమ్మకి కూడా.
ఒక్క రుద్జీటిస్ గారికి తప్ప.
ఆయనకి మాత్రం సొంత చేత్తో, ఆకుపచ్చ సిరాతో,
అక్షరాలు గాలికి వాలిన చేనులా
కుడివైపుకి ఒరిగిపోతూ.

ఓటోమార్స్ రుద్జీటిస్, ధాన్యాగారాల అధికారి.
మా భాషలో ఆ ఇంటిపేరుకి చిన్న రై మొక్క అని అర్థం.
నది అవతల, పాత గిడ్డంగి పైగదిలో
గోనెల మధ్య బల్ల వేసుకుని కూర్చునేవాడు.
కోటు జేబులో ఎప్పుడూ నాలుగు గింజలు,
మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకటి కొరికి
తేమ ఎంతుందో చెప్పేవాడు.

ప్రతి సోమవారం అధ్యక్షుడి ఉత్తరం, రెండు పేజీలు:
నిద్ర పట్టడం లేదు, మంత్రులు మరీ పొగుడుతున్నారు,
కూతురు రాయడం మానేసింది,
నీ మోకాలు ఎలా ఉంది,
చివర్లో, అడగలేక అడిగినట్టు:
ఎన్ని రోజులకి ఉంది?

జవాబు ఒక అంకె. కింద సంతకం.
ఒక్క పొల్లు మాట ఉండదు.
తొంభై నాలుగు. ఎనభై ఏడు. ఎనభై.
ఆ చీటీ సొరుగులో పెట్టి తాళం వేసి
ఆ రాత్రి మాత్రం నిద్రపోయేవారని
కాపలా ఉండే ఇండులిస్ చెప్పేవాడు.

ఆ ఏడు నవంబరులోనే బాల్టిక్ గడ్డకట్టింది.
ఓడలు పాకంలో చిక్కిన ఈగల్లా
దూరంగా, కదలకుండా.
బయటి ధాన్యం రాదు. ఎన్నికలు మూడు వారాల్లో.

మంగళవారం రాత్రి పిలిచారు.
కాగితం పెట్టమ్మా, అన్నారు.
ఎవరికండీ?
కిటికీ వైపు తిరిగి చెప్పారు, రుద్జీటిస్‌కి అని.
'అరవై అని రాసివ్వగలరా, పోలింగు దాకా.
దేశం బెదరకూడదు.'
ఎప్పుడూ నువ్వు అనే మనిషి మీరు అన్నారు.
నా వేళ్లు ఒక అక్షరం తప్పు కొట్టాయి.
దిద్దమనలేదు.

ఆ మాట తన చేత్తో రాయలేక
నా చేతులు అరువు తీసుకున్నారని
ఇంటికి నడుస్తుంటే తట్టింది.
చేతితొడుగులు తీసి మంచులో వేళ్లు తుడుచుకున్నాను.
సిరా ఏమీ అంటలేదు మరి.

బుధవారం జవాబు, అదే కాగితం వెనక:
'సోమవారం ముప్పై ఎనిమిది అని రాశాను.
మధ్యలో రెండు రోజులు జనం తిన్నారు.
ముప్పై ఆరు.'

టీ తెమ్మన్నారు. తాగలేదు.
సాయంత్రం రేడియో స్టేషనుకి నడిచే వెళ్లారు,
వెనకాల ఖాళీ కారు, నత్తలా.
దేశానికి ఆ అంకె చదివి వినిపించి
ఒకసారి దగ్గారు. అది కూడా ప్రసారమైంది.

తెల్లవారుజామున నాలుగింటికే
రొట్టెల కొట్ల ముందు బారులు. నేనూ నిలబడ్డాను.
నా ముందు ఒకావిడ ఆయన్ని తిట్టిన తిట్లు
టైపు చేయదగ్గవి కావు.
మనిషికి అర రొట్టె అన్నారు, వారం తిరక్కుండా పావు.
పావు రొట్టెని అయిదుగురికి కోయడం
మా అమ్మ దగ్గర అప్పుడే నేర్చుకున్నాను.

ఓడిపోయారు.
ఓడలు వచ్చాయి, ఓట్లు లెక్కపెట్టిన మర్నాడే.
మంచు పగిలే చప్పుడు మా ఆఫీసు దాకా వినిపించింది.
కొత్తాయన రేవులో నిలబడి
గోధుమ బస్తా మీద చెయ్యేసి ఫొటో తీయించుకున్నాడు.
లెక్క రాసుకుంటూ వెనకాల ఒక మనిషి,
సగం మొహమే పడింది.

మే నెలలో, ఆయన మర్చిపోయిన కళ్లజోడు ఇద్దామని వెళ్లాను.
అద్దె ఇల్లు. మెట్ల మీద ఉల్లిపాయల వాసన.
ఇప్పటికీ రాస్తున్నారట, సోమవారాలు,
సొంత డబ్బుతో బిళ్ల కొని.
ఎన్ని రోజులకి ఉందని అడగరట.
ఇప్పుడు నాకెందుకు చెప్తాడమ్మా, చెప్పకూడదు కూడా,
అన్నారు, కాస్త గర్వంగానే.
మోకాలి సంగతి మాత్రం అడుగుతారు.

జవాబు చేతిలోనే ఉంది. నాకు చూపించలేదు.
కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి జరిగారు.
ఎండ పడి కాగితం అవతలి పక్క కూడా కనిపించింది,
రెండు వైపులా సన్నటి రాత,
అంచుల దాకా.