మాను మానదు

మల్లేశ్వరం పద్దెనిమిదో క్రాసులో
కరెంటు పోయిన మధ్యాహ్నం.
మిషను ఆగిపోతే చేత్తోనే రుద్దుతున్నాను:
ఎనభై నంబరు గరుకు కాగితం, తర్వాత రెండొందల ఇరవై.
నాలుగొందలకొచ్చేసరికి
టేకు బిళ్ళ మీద గీతలు కళ్ళు తెరిచాయి.

బిళిగిరి కొండల నుంచి గోనెసంచిలో వచ్చింది,
చపాతీ పీటకంటే కాస్త పెద్దది.
ఇంకా పొగ వాసన,
లేదా నా ముక్కుకి అలా అలవాటైందేమో.

ఏటికో వలయం. వానలు పడ్డ ఏడు వెడల్పు,
కరువేడు వెంట్రుకవాసి.
నడుమ నడుమ గోటితో నొక్కినట్టు నలుపు.
నడిబొడ్డు నుంచి లెక్కపెడితే
నాలుగేళ్ళకొకటి, మూడేళ్ళకొకటి, మళ్ళీ నాలుగు.
తర్వాత ముప్పై ఒక్క వలయాలు,
ఏమీ లేదు, శుభ్రం.
ఆపైన ఒకే ఒక్క మచ్చ,
బిళ్ళలో మూడో వంతు తినేసింది.

చిన్న మచ్చలన్నీ ఈ ఏటికీ ఆ ఏటికీ సందులోనే.
ఆకు రాల్చి, లెక్క ఆపేసి
చెట్టు నిద్రపోయే పుష్య మాఘాల్లో
వచ్చి వెళ్ళిపోయింది నిప్పు.
ఏ ఏడని రాయను?
రిజిస్టర్లో సందుకి గడి లేదు.
పెద్దది మాత్రం చిగురేశాక వచ్చింది.

బిళ్ళ మోసుకొచ్చిన కేతేగౌడ
బల్ల మీద కూర్చుని టీ చల్లార్చుకుంటున్నాడు.
సోలిగ పెద్దాయన, మొన్నటిదాకా అడవిలో మంటల కాపలా.
లోపలి మచ్చ బొటనవేలితో తడిమి
"ఇది మా అక్క పుట్టిన ఏడు" అన్నాడు కన్నడంలో.
"ఇది మా నాయన పెట్టిందే. మోకాలెత్తు మంట.
రాలిన ఆకు తిని పోయేది, వెనకే పచ్చగడ్డి."
శుభ్రంగా ఉన్నచోట వేలు ఆగింది.
"ఇక్కడ అగ్గిపెట్టె ముట్టొద్దన్నారు."
అంతే. టీ తాగేశాడు.

మాను మానదే పిల్లా, అనేవాడు
హిందూపురంలో చిత్రిక పట్టే మా తాత.
గాయానికి పక్కల నుంచి పెరిగి
మూత వేసుకుంటుంది, అంతే.
మాటల ఆట అనుకున్నాను అప్పట్లో.
ఇప్పుడు అదే మూత మందాన్ని
మిల్లీమీటర్లలో రాసుకుని జీతం తీసుకుంటున్నాను.

కరెంటొచ్చింది. ఫ్యాను తిరిగి
ఎన్నేళ్ళదో రంపపు పొడి నా జుట్టులో పడింది.
రెండు గడుల మధ్య గీత మీదే
చుక్క పెట్టాను, ఎవరేమన్నా అననీ.

వీధి మలుపులో ఊడ్చిన ఆకుల కుప్పకి
ఎవరో నిప్పంటించారు.
కేతేగౌడ లేచి కిటికీ దగ్గరికెళ్ళి
గాలి ఎటు వీస్తోందో చూసుకుని
వచ్చి కూర్చున్నాడు.