నష్టం యొక్క స్వభావం

విజయనగరం స్టేషన్లో, పార్సెల్ ఆఫీసు వెనక,
చేపల పెట్టెల నీళ్లు కారే మూల
నా సైకిల్ గోడకి చేరబడి ఉంది,
సంతలో తప్పిపోయి దొరికిన గుంటలాగ
నన్ను చూడకుండా, పక్కకి తిరిగి.

తిరిగింది హేండిలు.
ముందు చక్రం నూనెలో వేసిన అప్పడం.
బెల్లు మీద టోపీ లేదు.
మడ్‌గార్డు నలిగిన తీరు చూస్తే
ఎవరో దాని మీద ఇనప బీరువాని నిద్రపుచ్చారు
రాయ్‌పూర్ నుంచి పార్వతీపురం దాకా.

చీర మాత్రం చిరగలేదు.
ఫూల్‌మతి చీర. పచ్చది, అంచున చిలకలు.
ధాన్యం మిల్లులో మూడేళ్లు
నా పక్కన ఊక మింగిన మనిషి.
నేను బేగి వచ్చేస్తూ ఒగ్గేసిన సైకిల్ని
వరిగడ్డి కూరి, చీర చుట్టి,
గోనెలు కుట్టే దబ్బనంతో కుట్టి పంపింది.
కుట్లు లెక్కపెట్టాను. నలభై దాకా వచ్చి మానేశాను.
ఒక్కటీ ఊడలేదు.
లోపల ఇనుము వంగిపోయింది,
బయట నూలు ఉన్నదున్నట్టే ఉంది.
ఇదేం చోద్యమో.

పట్నాయక్ గారు కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి
"సరుకు సవ్యంగా ముట్టినది. ఇక్కడ సంతకం" అన్నారు.
"సవ్యంగా లేదు కదండీ."
"ముందు సంతకం పెట్టమ్మా, తర్వాత చూద్దాం."
తర్వాత అన్న మాట నాకు తెలుసు.
మిల్లులో ఆఖరి నెల జీతం ఇంకా దాని లోపలే ఉంది.
పెట్టనన్నాను.
కుళాయి దగ్గరికెళ్లి నీళ్లు తాగొచ్చి
మళ్లీ పెట్టనన్నాను.

అప్పుడు ఇంకో కాగితం బయటికొచ్చింది.
నష్టం యొక్క స్వభావం, దానికెదురుగా
వేలెడు జాగా.
అందులో ఏటి రాయను?
ముప్పై తొమ్మిదేళ్ల ఆడది సైకిల్ నేర్చుకుంటుంటే
హమాలీలు బస్తాలు దించి మరీ నవ్విన రోజు రాయనా?
వెనక సీటు పట్టుకుని పరిగెడుతూ
ఫూల్‌మతి ఎక్కడ చెయ్యి వదిలేసిందో
నాకీ రోజుకీ తెలీదు, అది రాయనా?
చక్రం వంకర, అని రాశాను.
అక్షరాలు కూడా అలాగే వచ్చాయి.

"విలువ ప్రకటించలేదు కాబట్టి
పరిహారం తూకం లెక్కన" అన్నారు.
కాటా మీద పెట్టారు. గడ్డితో కలిపి పంతొమ్మిది కిలోలు.
చీర బరువు తీసేయమన్నాను.
ఆయన నవ్వలేదు. నేను నవ్వడానికి అనలేదు.

మూడు లాంతర్ల దాకా
ముందు చక్రం పైకెత్తి నడిపించుకెళ్లాను,
మొరాయించే దూడని ముందుకాళ్లు పట్టి లాక్కెళ్లినట్టు.
తవిటయ్య రిమ్ముకి సుద్దముక్క దగ్గరగా పట్టి తిప్పాడు.
బాగున్నచోట ఏమీ లేదు,
వంకరున్నచోటే తెల్లగీత.
ఊచ బిగించి, తిప్పి, మళ్లీ సుద్ద.
ఇంకో ఊచ సడలించి, మళ్లీ సుద్ద.
మధ్యలో ఒకసారి టీ. ఒకసారి వాన.
"పూర్తిగా రాదమ్మా. నూలుపోగంత ఉండిపోద్ది.
బ్రేకు రబ్బరుకి రాసుకుంటాది, సుయ్ మంటాది.
దానికి మాత్రం నన్ను తిట్టకు."

రాత్రి ఫోన్లో ఫూల్‌మతి అడిగింది, బాగా చేరిందా అని.
నాకొచ్చిన మిల్లు హిందీలో
ఒక్క కుట్టూ ఊడలేదని చెప్పాను.
చక్రం సంగతి ఆ హిందీలో లేదు.

నెలన్నరకి ఉత్తరం.
పరిశీలన నిమిత్తం ప్యాకింగు సామగ్రిని
స్వయముగా హాజరుపరచవలెను.
గడ్డి ఎదురింటి ఆవు ఎప్పుడో తినేసింది.
కంటోన్మెంట్ మీదుగా తొక్కుకుంటూ వెళ్లాను,
సుయ్, కాస్త ఆగి, సుయ్.

పట్నాయక్ గారు ఈసారి కళ్లద్దాలు కిందకి దించి
"ప్యాకింగు ఏదమ్మా?" అన్నారు.

కొంగు తీసి బల్ల మీద పరిచాను.
చిలకలు. వాటి మధ్యనుంచి వరసగా
దబ్బనం కన్నాలు.
లెక్కపెట్టుకోండన్నాను.