నులక పోగు

మా దుకాణం బోర్డు ఒడియాలో.
బేరాలు తెలుగులో. తిట్లకి రెండూ చాలక
హిందీ కూడా.
గుణుపురంలో పాత టీవీల కాలం పోయాక
ఛార్జర్లూ మిక్సీలూ విప్పుకుని బతుకుతున్నదాన్ని.
నా బల్ల మీద, తువ్వాల్లో చుట్టి,
జ్వరమొచ్చిన పిల్లిని తెచ్చినట్టు
ఇంజను దించాడు పైల దండాసి.

జానెడు లేదు. నల్లది.
పెన్షను బకాయిలన్నీ ఒక్కసారే పోసి కొన్నాడట.
చిన్నలైను నడిచినన్నాళ్ళూ బొగ్గు వేసిన చేతులట.
"రాత్రి కమురు కంపు కొట్టినాదమ్మా.
దీపం ఎలుగుతాది. కదల్దు."

పొట్ట కింద రెండు మరలు, ఆవగింజలంతవి.
విప్పి అయస్కాంతానికి అంటించాను,
ఒకటి పోతే ఈ జిల్లాలో దొరకదు.
లోపల గోరంత బోర్డు. చిప్పు నడుమ
అగరొత్తి చురక పెట్టినట్టు నల్ల చుక్క.
ఇది బతకదు అన్నాను.
డాక్టర్లలా తల పక్కకి తిప్పి చెప్పడం నాకు రాదు.

పూణే నుంచి కొత్తది రావడానికి పదకొండు రోజులు.
రోజూ వచ్చి స్టూలు మీద కూచునేవాడు.
అడక్కుండానే టెక్కలి, టెంబూరు, పాతపట్నం,
ఏ స్టేషన్లో నీళ్ళు చప్పనో, ఎక్కడ పకోడీ మెత్తబడేదో.
నాలుగో రోజు, ఏమీ తోచక,
చక్రాన్ని గోటితో తిప్పి చూశాను.
తిరగలేదు.
పట్టకారుతో లాగితే ఇరుసు చుట్టూ
బిగుసుకుని, బిగుసుకుని, ఒక నులక పోగు.

"పట్టాలు ఎక్కడ వేశావు?"
"మంచం కిందనుంచే. ఆ సప్పుడింటే గానీ
నిద్దరట్టదు మరి."

బోర్డు తప్పేం లేదు దండాసీ.
ఇరుసు పట్టేస్తే మోటారు అడిగింది.
అడిగినంతా ఇచ్చింది అది,
ఇవ్వలేనిదాకా ఇచ్చింది.

ఎరుపూ నలుపూ పట్టాల వైపు.
తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి,
నీలం అందరి ఉమ్మడి సొత్తు.
మిగిలిన నారింజ, బూడిద మోటారుకి.
టంకం పొగకి అతనే ముందు తుమ్మాడు.
కొత్త బోర్డుకి తన పేరు మూడు అని తప్ప
ఇంకేం తెలీదు. పాత నంబరు ఆరువందల పన్నెండు,
ఒక్కో అంకే నేర్పించాను.

కదిలింది. వెనక్కి.
ముందుకి పొమ్మంటే, నిబ్బరంగా, వెనక్కి.
నారింజ ఉండాల్సిన చోట బూడిద పెట్టాను.
దండాసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.
"ఒగ్గేయమ్మా. ఇంజను తిప్పే వీల్లేనప్పుడు
ఎనక్కే తోలీవోళ్ళం ఒక్కోపాలి."

కడ్డీ మళ్ళీ వేడికి పెట్టాను.
నీ జ్ఞాపకాలు నీ ఇష్టం.
నా చేతి తప్పు వాటిలోకి
టికెట్టు లేకుండా ఎందుకెక్కాలి?

మూడొందలడిగితే రెండొందల అరవై ఇచ్చాడు,
ఒక ఆనపకాయ కలిపి.
ముందా నులక తీసేసి నవారు అల్లించుకో అన్నాను.

వారానికి మళ్ళీ వచ్చాడు, చేతిలో ఏమీ లేదు.
"నవారేసీనానమ్మా."
నిద్ర పడుతోందా?
కాసేపు నా బల్ల మీద మరల డబ్బా కేసి చూశాడు.
"రైలు సప్పుడు అదే. మంచమే కిర్రుమనదు.
అది కూడా ఆ సప్పుడులోదే అని
నాకేటి తెల్సు?"

వెనకాల మిక్సీ పట్టుకుని నిలబడ్డావిడ
గొంతు సవరించుకుంది.