నాలుగోది లేదు

సోహార్ క్యాంపు, పదకొండో నంబరు గది.
మలయాళీ కాంపౌండర్ ఊరెళ్ళిపోతూ వదిలేసిన
ఏడు సంపుటాల నవల. నాలుగోది లేదు.

శుక్రవారాలు నేను చదివి తెలుగులో చెబుతాను.
పరంజి కట్టే పోశెట్టి
మడమల పగుళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ వింటాడు.

గాల్లో తేలే నగరం దగ్గర ఆపాడు:
"గంత ఎత్తుల పరంజి ఎవడు కట్టిండు?
పేరు రాసిండా?"
రాయలేదు.

డ్రాగన్‌కు మాత్రం పదికి తొమ్మిదిచ్చాడు.
"రిఫైనరీ మంట తీర్గున్నది. రాత్రంత పండదు."
రెండు చందమామలకు ఆరు.
మాంత్రికుడికి సున్నా:
"చెయ్యి ఊపితే పనైతదా? ఇగ మనమెందుకు?"

ఐదో సంపుటంలో జనం ఎర్ర గ్రహానికి పోతారు,
గాజు గుమ్మటం కింద గోధుమ పండిస్తారు.
నాకు ఒళ్ళు జలదరించింది.
పోశెట్టి లేచి కూర్చున్నాడు:
"వాళ్ళ పాస్‌పోర్టులు ఎవరి దగ్గరున్నయ్?"

పేజీలు వెనక్కి తిప్పాను.
మూడొందల పేజీల్లో
ఒక్కరూ ఇంటికి ఫోన్ చేయలేదు.

వెనక అట్ట లోపల పెన్సిల్‌తో నేనేసుకున్న ఎనిమిదిని
కొట్టేయలేదు. పక్కనే అతని నాలుగు రాశాను.

ఏసీ నీళ్ళు బకెట్లో పడుతున్నాయి.
లైటు ఆర్పాక, చాలాసేపటికి,
పై మంచం మీంచి అడిగాడు:
"ఆ నాలుగోది యాడ దొరకదా?
అండ్ల జెప్పిండేమో."