అసలు

టొలీడోలో మార్చినెల. మంచు కరిగి బురద.
జోలీన్ పాస్కొవ్‌స్కి ఇంటింటికీ వెళ్లి
ఆదాయం ఎంతని అడుగుతుంది, గంటకు పద్దెనిమిది డాలర్లకు.

సోషియాలజీ పట్టాకి చేసిన అప్పు నలభై ఒక్క వేలు.
ఆరేళ్లు కట్టాక, నలభై మూడు.
కట్టిందంతా వడ్డీ మింగింది, త్రేన్చనైనా లేదు.

"ఆ చదువు దేనికి పనికొచ్చిందే?" అంటాడు తమ్ముడు,
ఫర్నేసులు బాగుచేసే చేతులు తుడుచుకుంటూ.
నిజమే. వాడి ట్రక్కు బాకీ తీరిపోయింది.

ఇవాళ ఒక ముసలాయన
ఆదాయం దగ్గర ఆగిపోయాడు.
ఆమె పెన్ను దించింది. గడియారం చూడలేదు.
చాలాసేపటికి అన్నాడు:
"మా ఆవిడ పోయిందని ఎవరికీ చెప్పలేదు.
ఆమె పింఛనే తింటున్నాను."

అలా ఆగడం రెండో ఏడు నేర్పారు.
మూడు క్రెడిట్లు, పదకొండు వందలు.

ఆ గడి ఖాళీగా వదిలేసి
మెట్లు దిగింది.
ఇంకా తొమ్మిది ఇళ్లు.