చక్రానికి గడ్డి

దిగేటప్పుడు రాయిని చూడొద్దు,
రాయి పక్కనున్న ఖాళీని చూడు.
కళ్ళెటు పోతే చక్రం అటే పోతుంది.
కొత్తగా వచ్చిన పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే.
ఆ రోజు నేనే మరిచిపోయాను.

గరీప్ నదికి ఉత్తరాన, నల్లరాళ్ళ కనుమలో
గాడిదలు అరగదీసిన దారి.
మూరెడు వెడల్పు. ఒక పక్క గోడ, ఇంకో పక్క గాలి.
పలుగురాళ్ళు టైరు కింద పళ్ళు నూరుతాయి,
మొరం జారుతుంది, వెనక చక్రం తోక ఊపుతుంది.
బ్రేకు మీద రెండు వేళ్ళు, మోకాళ్ళు వదులుగా, నడుము వెనక్కి,
నాలుక పళ్ళ మధ్యకి రాకూడదు
(ఒకసారి కొరుక్కున్నాను, వారం రోజులు గంజే తాగాను).
మలుపులో ఒంటరి కోకర్‌బూమ్.
పూర్వం దాని కొమ్మ తొలిచి బాణాలు దాచుకునేవారట.
దాన్ని చూశాను.
చక్రం అటే పోయింది.

పడలేదు. పడితేనే నయం.
చెట్టు కింద ఎండి పరుచుకున్న
పల్లేరు కాయల్లోకి దూసుకుపోయాను.

ముందొక నిట్టూర్పు, తరవాత ఇంకోటి,
ఆపైన లెక్కపెట్టడం మానేశాను.
అదనపు ట్యూబు పొద్దున్నే వాడేశాను.
అతుకుల డబ్బాలో జిగురు ఎండి రాయైంది.
నీళ్ళు ఒకటిన్నర సీసా. ఇల్లు పందొమ్మిది కిలోమీటర్లు.
పొద్దు నడినెత్తిన మేకు కొట్టినట్టు ఆగింది.

బండి తోసుకుంటూ చాలాసేపు నడిచాక
మేకల వాసన తగిలింది, తరవాత మెడగంటలు,
ఆఖర్న మనిషి.
ఊమ్ సాగరియస్, రెల్లు చాపల గుడిసె ముందు
మసిపట్టిన డబ్బాలో టీ కాస్తున్నాడు.
బండిని తలకిందులు చేసి
చచ్చిన మేకని చూసినట్టు చూశాడు.
"ఎంత పెట్టి కొన్నావ్?"
చెప్పాను. నోట్లో టీ పక్కకి ఉమ్మాడు.
"ఆ డబ్బుకి నలభై మేకలొస్తాయి ఎల్‌ఫ్రీదా.
మేకకి పంక్చరు పడదు.
ఎండ చూసుకోవు, నీళ్ళు చూసుకోవు,
కొండ మీంచి దొర్లడానికేనా మీ అమ్మ నిన్ను కన్నది?"
అలా నాకు శుభ్రంగా గడ్డి పెట్టి,
లేచి, దొడ్డి మూల గోనె విప్పి,
నా చక్రానికి కూడా పెట్టాడు.

ఎక్కడి గడ్డి అది! మూడేళ్ళుగా చినుకు లేదు.
ఈనిన మేకల కోసం, లేవలేని పిల్లల కోసం
పోచపోచ ఏరి దాచింది.
వద్దన్నాను. వినపడని చెవి నావైపు తిప్పాడు.
తాడు పేనినట్టు మెలితిప్పి
బొటనవేలితో టైరులోకి కూరుతూ
"ఇంకా అందుకో, ఇంకా.
కడుపు నిండని చక్రం దారంతా ఏడుస్తుంది" అన్నాడు.

పొద్దు వాలాక బయల్దేరాను.
కసకసమంటూ, కుంటుకుంటూ, బండి నడిచింది.
మూడు మేకలు గుట్ట దాకా నా వెంటపడ్డాయి.
వాటి నోటికాడ కూడు నేను తొక్కుకుంటూ పోతున్నానని
వాటికి తెలుసు.
నేను వెనక్కి చూడలేదు.
కళ్ళెటు పోతే చక్రం అటే పోతుంది కదా.

ఇంట్లో టైరు విప్పితే
గడ్డంతా పొడి పొడి, ఇంకా వెచ్చగా,
పెనం మీంచి తీసిన రొట్టెలా.
ఊడ్చి సంచిలో పోశాను.
ఒక మేకకి ఒక పూటకి చాలదు.

శనివారం కరాస్‌బర్గ్ లారీలో వచ్చిన పచ్చిమేత
ఒక మోపు కొని, వీపుకి కట్టుకుని
అదే దారిన ఎక్కాను.
సగం దూరం బండే నా మీద ఎక్కింది.
ఊమ్ సాగరియస్ మోపు వైపు చూడలేదు.
వంగి కొత్త టైరుని రెండు వేళ్ళతో నొక్కి
"గాలేనా" అన్నాడు,
కాస్త జాలిగా.